ఓహి అంటే వద్దు

పోయిన ఆగస్టులో, నాక్సోస్ ద్వీపపు ఉత్తర కొసన ఉన్న అపొలోనస్ రేవులో, ఆర్గీరో కుడిచేతి రెండు వేళ్లు లంగరు గొలుసులో నలిగి తెగిపోయాయి. గొలుసు లాగే యంత్రపు మీట నొక్కవద్దని ఆమె చెప్పింది. నొక్కమని సైగ చేసిందని పడవల సంస్థ ప్రమాద నివేదికలో రాసింది. ఆ ఒక్క వాక్యం ఆధారంగా ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ వాక్యం అక్కడ ఉన్నంతకాలం మరే పడవా ఆమెను ఎక్కించుకోదు.

జరిగిన అన్యాయం ఇది. ఆ వాక్యం ఎలా పుట్టింది, దాన్ని ఎవరు నిలబెట్టారు అన్నది మిగతా కథ.

ఆర్గీరో పుట్టింది అపీరాంథోస్‌లో. కొండ మీది రాతి ఊరు. తండ్రి సానరాయి గనిలో పనిచేశాడు. ఎదుటివాణ్ణి అప్పటికప్పుడు రెండు చరణాల్లో ఎగతాళి చేయడంలో ఆ ఊరివాళ్లను మించినవాళ్లు ఈ దీవిలో లేరు. నోరు విప్పకుండా మాట్లాడటంలోనూ అంతే. గనిలో చేతులు ఖాళీగా ఉండవు, నోరు తెరిస్తే దుమ్ము. కాబట్టి వద్దనాలంటే గడ్డం పైకెత్తుతారు, కనుబొమలు లేస్తాయి, నాలుక పళ్ల వెనక ఒకసారి ‘చ్’ మంటుంది. నిజానికి ఇది ఆ ఒక్క ఊరి సొత్తు కాదు. ఈ దేశంలో కాఫీ అంగడిలోనైనా, బడిలోనైనా, చర్చి మెట్ల మీదనైనా కాదనడం ఇలాగే. పాలు చాలనుకున్న పసిపిల్ల కూడా గడ్డమే ఎత్తుతుంది. అపీరాంథోస్ వాళ్లు మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువగా ఎత్తుతారు, అంతే తేడా. నోటితో అనవలసి వస్తే ఆ మాట ‘ఓహి’.

పెళ్లయ్యాక ఆమె తూర్పు తీరాన మూత్సూనాకు వచ్చింది. భర్త యాకోవోస్ బడి బస్సు నడుపుతాడు. సముద్రంలో మోకాలి లోతు దాటి దిగడు. ఆర్గీరో కొన్నాళ్లు ఆడబిడ్డ భోజనశాలలో వండింది, తర్వాత విహార పడవలెక్కింది. ఒడ్డు మీద ఎందుకు ఉండలేకపోయావని అడిగితే, “అక్కడ వంటిల్లు కదలదు, అదే పొయ్యి, అదే కిటికీ, అదే ఆడబిడ్డ” అనేది. పడవలో వంట ఆమెదే, తాళ్లూ ఆమెవే. పొద్దున పులుసుకు చేపలు కోసిన చేతులతోనే మధ్యాహ్నం తెరచాప దించేది. వేసవిలో వారానికో బృందం వచ్చి దీవి చుట్టూ తిరిగి వెళ్లేది. వాళ్లకు అర్థం కాని భాషలో వాళ్ల మీద పద్యాలు కట్టేది. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ వారం వచ్చినవాళ్లు డచ్చివాళ్లు. పెద్ద మనిషి పేరు రుట్‌గర్. హాలండ్‌లో బేకరీ ఉంది, చేతులు రొట్టె పిండి పిసికి పిసికి తెడ్ల లాగా ఉంటాయి. భార్య ఫెమ్కె దేన్నైనా ఫోనులో వీడియో తీసేది. వాళ్లతో మరో రెండు జంటలు. ‘ఈ వారం నావికులు మీరే’ అని సంస్థ తన ప్రకటనలో ఆశపెట్టింది. రుట్‌గర్ దాన్ని అక్షరాలా నమ్మాడు. చుక్కాని పట్టుకున్నాడు, తాళ్లు లాగాడు. ఎండకు కాలి ఎర్రబడి, వీపుకు నూనె పూయించుకుంటూ అడిగాడు: “ఆర్గీరో, నా మీద ఒక పాట లేదా?”

ఆమె టమాటాలు తరుగుతూనే అందుకుంది.

“ఎర్రగ కాలిన రొయ్యవు నీకు ఎందుకు నూనె దండగ?
పళ్లెంలో నువు పడుకుంటే చాలు, నిమ్మకాయతో పండగ!”

చుక్కాని దగ్గర కెప్టెన్ నికిఫోరోస్ నవ్వు దాచుకుంటూ దగ్గాడు. “కుంబారా, కొంచెం మెల్లిగా! వాళ్లలో ఎవరికైనా మన భాష వస్తే?”

“వస్తే ఇంకా మంచిది, కుంబారె. నిమ్మకాయ వాళ్లే కోసుకుంటారు.”

ఆ పిలుపు గురించి ఒక మాట. ఆర్గీరో కూతురు కలియోపికి జ్ఞానస్నానం చేయించి, పేరు పెట్టి, నీళ్లలోంచి చేతుల్లోకి అందుకున్నవాడు నికిఫోరోస్. అప్పటినుంచి ఆ రెండు కుటుంబాలవాళ్లు ఒకరినొకరు ‘కుంబారె’, ‘కుంబారా’ అని పిలుచుకుంటారు. ఇది రక్తసంబంధం కాదు గాని, చాలామంది దృష్టిలో అంతకంటే తెంచుకోరానిది.

మామూలుగా ఆ పడవకు ముగ్గురు పనివాళ్లు. లంగరు తీసేటప్పుడు ముందు కొసన ఇద్దరుండాలి: గొలుసు చూసేవాళ్లొకరు, మీట పట్టుకునేవాళ్లొకరు. ఆ వేసవి మొదట్లో సంస్థ మూడో మనిషిని మానిపించింది. లంగరు మీట పనివాళ్ల చేతిలోనే ఉండాలని సంస్థ సొంత భద్రతా నియమాల్లో ఉంది. ఆ నియమం పాటించడానికి కావలసిన మనిషిని మాత్రం సంస్థ ఇవ్వలేదు.

మూత్సూనాలో ఆగిన సాయంత్రానికి గాలి కబురు వచ్చింది: ఉత్తరం నుంచి మెల్తెమి, మర్నాటి రాత్రికి బలపడుతుందని. అది ఆగస్టు గాలి. ఆకాశంలో ఒక్క మబ్బు ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, కింద సముద్రం మాత్రం తెల్లగా మరుగుతుంది. నికిఫోరోస్ అక్కడే ఆగుదామనుకున్నాడు. సంస్థ మేనేజరు ఫ్రంజెస్కోస్ ఫోను చేశాడు. ఆర్గీరో పక్కనే గిన్నెలు కడుగుతోంది. అవతలి గొంతు కూడా ఆమెకు వినబడింది.

“శనివారానికి పడవ ఖోరా రేవులో ఉండాలి. అవతల ఇంకో బృందం దిగుతోంది.”

“గాలి వస్తోందయ్యా. దీవి ఉత్తరపు కొస చుట్టి పోవడం కష్టం.”

“గాలి రాని ఆగస్టు ఎప్పుడైనా చూశావా? రేపు అపొలోనస్‌లో పడుకోండి. పొద్దున్నే కొస చుట్టేస్తే తర్వాతంతా వెనకగాలే.”

“అపొలోనస్ రేవు ఉత్తరానికి నోరు తెరుచుకుని ఉంటుంది. అల నేరుగా లోపలికొస్తుంది.”

“నీకు చేతకాదంటే చెప్పు, కెప్టెన్లకు కరువేం లేదు.”

నికిఫోరోస్ ఫోను జేబులో పెట్టుకుని గిన్నెల వైపు చూశాడు. “విన్నావుగా.”

“విన్నాను,” అంది ఆర్గీరో. “వెళ్లనని ఎందుకు అనలేదు?”

అతను మర్నాటి దారి చూసుకోవడానికి పటం తెరిచాడు.

మర్నాడు సాయంత్రం అపొలోనస్ చేరారు. పడవ వెనక భాగాన్ని గట్టుకు కట్టి, ముందు వైపు లంగరు వేశారు. తెల్లవారేసరికి చెప్పిన గాలి చెప్పినదానికంటే బలంగా వచ్చింది. అల రేవులోకి నడిచి వచ్చినట్టు వస్తోంది. వచ్చిన ప్రతిసారీ పడవ వెనక్కి జరిగి గట్టు రాయికి అడుగు దూరంలో ఆగుతోంది, మళ్లీ ముందుకు లాగుతోంది, మళ్లీ వెనక్కి. రాయి తగలకుండా పడవకూ గట్టుకూ మధ్య వేలాడదీసిన గాలి సంచి ఒకటి పగిలిపోయింది. లోపల ఒకామె ఏడుస్తోంది. ఇక అక్కడ ఉంటే పడవ పగులుతుంది, బయటపడాలంటే లంగరు లేవాలి.

నికిఫోరోస్ చుక్కాని వదిలి రాలేడు. లంగరు మీటను పొడవాటి తీగతో సహా తీసి రుట్‌గర్ చేతిలో పెట్టాడు. “ఆమె చెప్పినట్టు చెయ్యి. నొక్కమంటే నొక్కు, ఆపమంటే ఆపు.”

ఈ పని అతను చేయకూడదు. చేయకుండా ఆ పడవను బయటికి తీసే మార్గం కూడా అతనికి లేదు. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం మా కార్మికుల సంఘం పద్ధతి కాదు.

ఆర్గీరో ముందు కొసన మోకాళ్ల మీద కూర్చుంది. గొలుసు తడిగా, బురదతో, ఒక్కో వలయంగా పైకి వస్తోంది. సగం వచ్చాక బిగుసుకుంది. అడుగున ఎవరిదో పాత గొలుసు లంగరుకు పట్టుకుంది. యంత్రం మూలిగింది, గొలుసు పళ్ల చక్రం మీంచి పక్కకు దూకి ఇరుక్కుంది.

“స్టాప్!” అని అరిచింది. ఇంగ్లీషులోనే. రుట్‌గర్ ఆపాడు. ఆ మాట చుక్కాని దగ్గరికి కూడా వినబడింది.

ఆమె కుడిచేత్తో ఇరుక్కున్న వలయాన్ని పట్టుకుని లాగింది, ఎడమచేత్తో కమ్మీని పట్టుకుంది. ముందునుంచి అల. పడవ వెనక్కి పోయింది, గట్టు మీద ఎవరో కేక వేశారు. రుట్‌గర్ తిరిగి చూశాడు, రాయి చాలా దగ్గరగా కనిపించింది. భయపడ్డాడు. భయపడటం తప్పు కాదు. బొటనవేలు మీట మీద పెట్టి గాలికి ఎదురుగా అరిచాడు: “ఇప్పుడా? లాగనా?”

ఆర్గీరో చేయి చక్రంలో ఉంది. తల తిప్పింది, గడ్డం ఎత్తింది. అపీరాంథోస్ వాళ్లు ఎత్తినంత ఎత్తుకు ఎత్తింది. “ఓహి!” అంది.

అతనికి వినబడింది ‘ఓకే’. అతనికి కనబడింది కదిలిన తల. నొక్కాడు.

అతను ఏడుస్తూ తన చొక్కా చింపి ఆమె చేతికి చుట్టాడు. నికిఫోరోస్ గొలుసు నరికి లంగరును సముద్రానికే వదిలేశాడు. ఆమెను గట్టు మీదికి దించి, ఎవరిదో చిన్న లారీలో పడుకోబెట్టి కొండ దారిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలో స్పృహ ఉన్నంతసేపూ ఆమె ఒకటే అడిగింది: “పడవ తగిలిందా?” తగలలేదు.

రుట్‌గర్ ఇంటికి వెళ్లే ముందు తనకు తెలిసింది తన భాషలో రాసి ఇచ్చాడు: ‘నేను అడిగాను, ఆమె ఓకే అని తల కదిలించింది.’ అందులో అబద్ధం లేదు. అతను విన్నది, చూసింది అదే. ఆ పొరపాటు పరాయిదేశపు మనిషి ఎవరైనా చేసేదే. మా ఫిర్యాదు అతని మీద కాదు.

ఆ కాగితాన్ని మా భాషలోకి దించినవాడు ఫ్రంజెస్కోస్. నివేదికలో అతను రాసిన వాక్యం ఇది: ‘సదరు ఉద్యోగిని సరేనని తల వంచి అనుమతించినది.’ తల వంచి! కదిలిన తల ఎటు కదిలిందో రుట్‌గర్ రాయలేదు. ఫెమ్కె తీసిన వీడియోలో అది పైకి వెళ్లింది. పైకి వెళ్లిన తలను కిందికి వంచినది గాలి కాదు, అల కాదు, భాష తెలియని అతిథి కాదు. ఈ దీవిలోనే పుట్టి, ఈ భాషలోనే వద్దనడం నేర్చుకున్న ఒక మనిషి కలం.

నవంబరులో సంస్థ కార్యాలయంలో అందరం కూర్చున్నాం. మేడమీది గది, కింద మూసి ఉన్న పడవల దుకాణాలు. బల్లకు అటు ఫ్రంజెస్కోస్, ఏథెన్స్ నుంచి వచ్చిన సంస్థ న్యాయవాది దియామాండిస్. ఇటు ఆర్గీరో, ఆమె తరఫున కార్మికుల సంఘంవాళ్లం మేము. కొసన, ఏ పక్షానికీ చెందనట్టు, నికిఫోరోస్.

వీడియో వేశారు. గాలి రొద, ఊగుతున్న కమ్మీ, ఎత్తిన గడ్డం, ఆ మాట. ‘స్టాప్’ అన్న కేక అందులో లేదు, ఎందుకంటే ఫెమ్కె ఫోను తీసింది ఆ తర్వాత. దియామాండిస్ గొంతు సవరించుకున్నాడు.

“సైగ అంటే అందుకున్నవాడికి అర్థమైందే సైగ. అతిథులతో ఇంగ్లీషే మాట్లాడాలని నియమం ఉంది. ఈమె పాటించలేదు.”

“నియమం ఉంది,” అన్నాం మేము. “మొదట పాటించింది కూడా. ‘స్టాప్’ అంది. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు. రెండోసారి ఆమె నోటికొచ్చింది అమ్మ భాష. సరే, అది లోపమే అనుకుందాం. ఇంగ్లీషులో చెప్పకపోతే ‘వద్దు’ కాస్తా ‘సరే’ అయిపోతుందా?”

“ఆ ‘స్టాప్’ ఎవరు విన్నారు?”

అందరం నికిఫోరోస్ వైపు తిరిగాం. అతను తన టోపీ అంచు చూస్తున్నాడు.

“నీళ్లు కళ్లల్లో కొట్టాయి,” అన్నాడు. “ఏం కనబడలేదు.”

“అడిగింది చెవుల గురించి, కుంబారె,” అంది ఆర్గీరో.

“గాలి...”

“గాలి నీ వైపే వీస్తోంది. నా కేక గట్టు మీదున్న కాఫీ అంగడిదాకా వినబడింది.”

దియామాండిస్ ఏదో రాసుకున్నాడు. ఆర్గీరో బల్ల మీద మోచేతులు ఆనించి ఫ్రంజెస్కోస్ వైపు వంగింది.

“ఒరే ఫ్రంజెస్కో, నువ్వు కోరోనిదా ఊరి పిల్లాడివి. మీ అమ్మ నాకు తెలుసు. గరిటె పట్టుకుని ‘ఇంకాస్త వెయ్యనా నాయనా’ అని అడిగినప్పుడు నువ్వు గడ్డం ఎత్తితే, సరేనన్నావని ఇంకో గరిటె వేసేదా? అలా వేసుంటే ఈపాటికి ఆ తలుపులోంచి పట్టేవాడివి కాదు.”

“అమ్మా ఆర్గీరో, ఇది ఇంటి విషయం కాదు. పద్ధతిగా మాట్లాడు.”

“పద్ధతిగానే మాట్లాడతాను. పాట కావాలా?

మీట అతిథి చేతికిచ్చి మేనేజరు పడుకున్నాడు,
లేచి చూసి నా మెడను తన కలంతో వంచాడు.”

దియామాండిస్ పెదవి బిగించాడు; నవ్వు ఆపుకోవడానికో, కోపం ఆపుకోవడానికో చెప్పలేం. మేము ప్రశ్న సూటిగా అడిగాం. పరిహారం సంగతి చట్టం చూసుకుంటుంది, అది తర్వాత. ఈ రోజు ఒక్కటే: “ఆ వాక్యం కొట్టేస్తారా, కొట్టెయ్యరా?”

ఫ్రంజెస్కోస్ కుర్చీలో వెనక్కి వాలాడు. కనుబొమలు లేచాయి. గడ్డం పైకి వెళ్లింది. నాలుక ‘చ్’ మంది.

ఆర్గీరో మా వైపు తిరిగింది.

“రాసుకోండి,” అంది ఆర్గీరో. “ఒప్పుకున్నాడు.”

“ఏం ఒప్పుకున్నాను?” ఫ్రంజెస్కోస్ లేచి నిలబడ్డాడు. “ఒప్పుకోలేదు! కాదన్నాను!”

“ఎలా అన్నావు?”

అతని మెడ ఎర్రబడింది. దియామాండిస్ అతని మోచేయి పట్టుకుని కూర్చోబెట్టి, కాగితాలు సంచిలో సర్దుతూ అన్నాడు: “నివేదిక ఇప్పటికే దాఖలైంది. మార్చడం కుదరదు. సమావేశం ముగిసింది.”

కిందికి దిగుతుంటే మెట్ల మలుపులో నికిఫోరోస్ నిలబడి ఉన్నాడు. ఆర్గీరో ఆగింది.

“కుంబారా, మీట ఇచ్చింది నేను. నోరు తెరిస్తే నా లైసెన్సు పోతుంది. పింఛనుకు ఇంకో రెండు వేసవులే ఉన్నాయి.”

“నాకు తెలుసు.”

“అర్థం చేసుకో మరి.”

“చేసుకున్నాను. అందుకే నీ మీద అరవలేదు.” ఆమె కట్టు కట్టిన చేతిని రెండో చంకలో దాచుకుంది, చలికి అది ఇంకా సలుపుతుంది. “కలియోపిని ఎత్తుకుని నిలబడ్డ రోజు గుర్తుందా? పూజారి సైతానును వదిలేస్తున్నావా అని అడిగితే చర్చి పైకప్పు అదిరేలా ‘వదిలేశాను’ అన్నావు. అంత గొంతు ఎక్కడ పోయింది, కుంబారె?”

అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇప్పటివరకు వాళ్లింటికి రాలేదు. కలియోపి పుట్టినరోజున బహుమతి మాత్రం పంపాడు. ఆర్గీరో దాన్ని వెనక్కి పంపలేదు, విప్పనూ లేదు.

ఇప్పుడామె ఆడబిడ్డ భోజనశాలలోనే ఉంది. ఎడమచేత్తో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నెమ్మదిగా వస్తోంది ఆ పని. చేయి సంగతి ఆమె ఎక్కువ మాట్లాడదు. మాట్లాడేది ఆ వాక్యం గురించి. “వేళ్లు పోయాయి, పోనీ. నా అంతట నేనే పోగొట్టుకున్నానని రాశారే, అది నిద్ర పట్టనివ్వడం లేదు. రేపు నా మనవరాలు చదివితే, అవ్వకు ‘వద్దు’ అనడం కూడా రాదనుకుంటుంది.”

ఈస్టరు తర్వాత పడవలు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. అంతకుముందే జరగవలసినవి ఉన్నాయి. అవి ఎవరు చేయాలో వారికే చెబుతున్నాం.

రుట్‌గర్ గారూ, మీ మీద మాకు కోపం లేదు. ఒక్క ప్రశ్నకు మీ భాషలోనే జవాబు రాసి పంపండి: ఆ తల పైకి వెళ్లిందా, కిందికి వెళ్లిందా?

దియామాండిస్ గారూ, దాఖలైన నివేదికను సవరించవచ్చునని మీకూ తెలుసు, మాకూ తెలుసు. కుదరదన్న మాట వెనక్కి తీసుకోండి.

కెప్టెన్ నికిఫోరోస్, ‘స్టాప్’ అన్న కేక మీరు విన్నారు. ఎత్తిన గడ్డం చూశారు. మీట అతిథి చేతికి ఎందుకు వెళ్లిందో, ముందు కొసన ఉండవలసిన రెండో మనిషి ఎందుకు లేడో కూడా మీకు తెలుసు. అది చెబితే నింద మీ ఒక్కరి మీదే ఆగదు. ప్రమాణం చేసి చెప్పండి.

ఫ్రంజెస్కోస్, మీరు మానిపించిన మనిషిని మళ్లీ పనిలో పెట్టండి. అతిథుల చేతుల్లోంచి ఆ మీట తీసెయ్యండి. ఆర్గీరోను ఆమె పనిలోకి పిలవండి. ఆ చేత్తో ఏ పని చేయగలదో నిర్ణయించుకోవలసింది ఆమె, మీరు కాదు. వీటన్నిటికంటే ముందు, మీరు రాసిన వాక్యాన్ని మీ చేత్తోనే కొట్టేసి, దాని స్థానంలో జరిగింది జరిగినట్టు రాయండి: ఆమె వద్దన్నది.